ఓదార్పు కన్నా ముందు పని: తెలుగు క్రైస్తవ స్త్రీల ధైర్యం వెనక

క్రైస్తవ స్త్రీల విశ్వాసం గురించి ప్రసంగాల్లో వినిపించే కథలకు ఒక వరస ఉంటుంది. భర్త తాగి వస్తాడు, ఆమె ఓర్చుకుంటుంది. బిడ్డకు జబ్బు చేస్తుంది, ఆమె మోకరిస్తుంది. ఏళ్లు గడుస్తాయి, ఆశీర్వాదం వస్తుంది. ఇవి కల్పించిన కథలని అనలేం. ఏ సంఘంలో అడిగినా ఇలాంటి జీవితాలు కొన్నయినా దొరుకుతాయి. చిక్కల్లా వాటిని చెప్పే తీరులో ఉంది. ఓర్పు ఒక్కటే ఆమె బలమన్నట్టు, దేవుడు ఆమెకు ఇచ్చింది ఓదార్పు మాత్రమేనన్నట్టు అవి సాగుతాయి. తెలుగు క్రైస్తవ చరిత్రను స్త్రీల వైపు నుంచి చదివితే వేరే సంగతి కనిపిస్తుంది. విశ్వాసం ఆమెకు మొదట ఒక పని అప్పగించింది. చదవాలి, నడవాలి, నలుగురికీ చెప్పాలి, పాట నేర్పాలి, జబ్బుపడిన వారి పక్కన కూర్చోవాలి. తన బతుక్కి ఒక అర్థం ఉందన్న నమ్మకం ఆ పని చేస్తుండగా కుదిరింది. సంఘం ఆ పనిని గుర్తించి చేతికిచ్చిన చోట ఆమె బలం పైకి కనిపించింది. ఇవ్వని చోట ఆమె దాన్ని తన ఇంటి వసారాలో తానే మొదలుపెట్టింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీద అయిదుగురు ప్రార్థించారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య యుఫీమియా, ఒక తెలుగు సహాయకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. నెల్లూరులో నడుస్తున్న మిషన్ వల్ల ఫలితం లేదని, మూసేయడమే మేలని అప్పటికే అమెరికాలో చర్చ నడిచింది. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు. తర్వాతి కథ ప్రసిద్ధమే. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ, 1876-78 నాటి పెద్ద కరువు, కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఆయన తీసుకున్న కాంట్రాక్టు, 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఈ చరిత్రలో దొరల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. కొండ మీది అయిదుగురిలో ముగ్గురు స్త్రీలే అన్న లెక్క మాత్రం చాలామందికి తట్టదు.

ఇంకో సంగతి కూడా ఈ చరిత్రలో మరుగున పడింది. ఒంగోలు ప్రాంతపు తొలి ప్రచారకుల్లో ముఖ్యుడైన ఎర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడు కాకముందు యోగమార్గంలో ఉన్నవాడు. ఆయనకు ఆ మార్గం నేర్పింది ఒక స్త్రీ గురువు. అంటే స్త్రీ నోట ఆధ్యాత్మిక బోధ వినడం ఆ మాదిగ పల్లెలకు మిషనరీలు తెచ్చిన కొత్త వింత కాదు. ‘పాశ్చాత్యులు వచ్చి భారత స్త్రీకి నోరిచ్చారు’ అన్న ధోరణిలో రాసే వారు, ‘అదంతా పరాయి సరుకు’ అని కొట్టిపారేసే వారు ఇద్దరూ ఇక్కడ కాస్త ఆగాల్సిందే.

మిషనరీల రాతల్లో భారత స్త్రీ అంటే నాలుగు గోడల మధ్య బందీ. ఒంగోలు, గుంటూరు, దోర్నకల్ పల్లెల్లో క్రైస్తవంలోకి వచ్చిన మాల, మాదిగ స్త్రీలకు ఈ బొమ్మ అసలు సరిపోదు. వాళ్లు ఎప్పుడూ బయటే ఉన్నారు. నాట్లు, కలుపు, కోతలు, కట్టెలు, ఊళ్లో వెట్టి. వారికి నడక కొత్త కాదు. కూలికి నడిచే మనిషి చెప్పడానికి నడవడం కొత్త. నిన్నటి దాకా ఊరివారు పిలిస్తే పరుగెత్తిన ఆమె ఇప్పుడు చేతిలో సువార్త పుస్తకం పట్టుకుని తన పని మీద తాను వెళుతోంది. అదే బాట, అదే ఎండ. మారింది ఆమె ఎవరి పనికి పోతోందన్న విషయం.

ఈ మార్పుకు ఒక వెల కూడా ఉంది. క్రైస్తవ కుటుంబం మర్యాదగా కనిపించాలన్న పట్టుదలతో మిషన్ బంగళాల్లో ఒక ‘మంచి గృహిణి’ నమూనా తయారైంది. తలమీద కొంగు, మెత్తని మాట, శుభ్రమైన వాకిలి, భర్త మాటకు లోబడి ఉండటం. పొలంలో మగవాడితో సమానంగా గొంతెత్తి మాట్లాడే ఆడమనిషికి ఈ నమూనా ఒక మెట్టు పైకా, ఒక మెట్టు కిందకా అన్నది తేలిగ్గా తేల్చే ప్రశ్న కాదు. రెండూ జరిగాయి. కులం రీత్యా గౌరవం పెరిగింది, ఇంటిలోపల కట్టుబాటూ పెరిగింది.

నడిచిన స్త్రీలు

పందొమ్మిదో శతాబ్ది చివరి భాగంలో తెలుగు ప్రాంతంలోని దాదాపు అన్ని మిషన్లలోనూ బైబిలు స్త్రీలు ఉండేవారు. వీరిలో వితంతువులు ఎక్కువ, ప్రచారకుల భార్యలూ ఉన్నారు. బైబిలు కథలు, ప్రశ్నోత్తరాలు, కీర్తనలు, కాస్త కుట్టుపని నేర్చుకుని వాడవాడకూ, ఊరూరికీ తిరిగేవారు. సాధారణంగా ఇద్దరిద్దరు కలిసి వెళ్లేవారు. ఎన్ని ఇళ్లకు వెళ్లారో, ఎవరికి ఏ పాఠం చెప్పారో మిషన్‌లోని దొరసానికి లెక్క చెప్పాలి. జీతం స్వల్పం. ప్రచారకుడికి దక్కిన హోదా వారికి దక్కలేదు. అయినా ఆ రోజుల్లో చదువు చెప్పినందుకు జీతం తీసుకున్న తెలుగు స్త్రీలు ఎంతమంది? ఊరి బయట గుడిసెలో పుట్టిన వారిలో ఎంతమంది?

అగ్రకులాల ఇళ్లలోకి ఈ స్త్రీలు వెళ్లిన సందర్భాలే అన్నిటికన్నా ఆసక్తికరమైనవి. పరదా పాటించే ఇళ్లలో మగ ప్రచారకుడికి చోటు లేదు. తెల్ల దొరసాని వచ్చినా తెలుగు ధారాళంగా రాదు. పాఠం చెప్పాలంటే తెలుగు మనిషి కావాలి, ఆమె ఆడమనిషి అయి ఉండాలి. ఆ తెలుగు ఆడమనిషి చాలాసార్లు అంటరాని వాడ నుంచి వచ్చినదే. గడప తొక్కనివ్వని ఇళ్లూ ఉన్నాయి, అరుగు మీద కూర్చోబెట్టి కీర్తన పాడించుకున్న ఇళ్లూ ఉన్నాయి. లోపలికి రానివ్వకపోయినా అక్కడ జరిగింది చిన్న విషయం కాదు. ఆ వాడ మనిషి చదువుతోంది, ఊరి మనిషి వింటోంది. అక్షరం ఎవరిదన్న పాత ఏర్పాటు ఆ అరుగు మీద కాసేపయినా తారుమారైంది.

గుంటూరు లూథరన్ ఆసుపత్రి ఇలాంటి తారుమారుకు మరో చోటు. ఫిలడెల్ఫియాలో వైద్యం చదివిన అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. మగ వైద్యుడు ముట్టుకోకూడదన్న పట్టింపు వల్ల కాన్పుల్లో ప్రాణాలు పోతున్న కాలమది. మొదట ఇళ్లకు వెళ్లి, తర్వాత డిస్పెన్సరీ పెట్టి, 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. తన కుటుంబానికి జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు రాజా మంత్రిప్రెగడ భుజంగరావు ఆసుపత్రి దగ్గర రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. కుగ్లర్ పేరు మీద ఆ ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. అయితే ఆసుపత్రి నడిచింది ఆమె ఒక్కరి చేతుల మీదుగా కాదు. మందు సీసా కోసం వరసలో కూర్చున్న వారికి బైబిలు స్త్రీ కథ చెప్పేది. లోపల తెలుగు క్రైస్తవ యువతులు నర్సులుగా తర్ఫీదు పొందేవారు. ఇతరుల ఒంటిని, రక్తాన్ని, మైలను ముట్టుకునే పని కాబట్టి నర్సు ఉద్యోగాన్ని చాలా కులాలు తక్కువగా చూసేవి. క్రైస్తవ యువతులు ఆ పనిలోకి వెళ్లారు, స్వాతంత్ర్యానికి ముందు దేశంలోని నర్సుల్లో అత్యధికులు వారే. అంటు, మైల అని పక్కకు నెట్టిన పనిని సేవ అనే పేరుతో, యూనిఫాంతో, జీతంతో తిరిగి చేతికి తీసుకోవడం విశ్వాసం ఇచ్చిన వెసులుబాటే. ఇతరుల పాదాలు కడిగిన గురువును నమ్మే మనిషికి ఆ పని చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇదంతా ప్రొటెస్టంట్ల కథ. తెలుగు నేలపై కతోలిక సంఘం అంతకన్నా పాతది. 1822లో ఫిరంగిపురంలో పుట్టిన జ్ఞానమ్మ పెళ్లయి, పిల్లల తల్లయి, వితంతువైంది. తెలుగు కతోలిక కుటుంబాలు వలసవెళ్లి స్థిరపడిన తమిళనాడులోని కీళచ్చేరిలో ఆడపిల్లలకు బడి పెట్టింది. ఆమె మొదలుపెట్టిన పని నుంచే మద్రాసు, ఫిరంగిపురం సెయింట్ ఆన్ సోదరీ సంఘాలు పుట్టాయి. 1874లో చనిపోయిన ఆమెను కతోలిక సంఘం ఇప్పుడు దైవ సేవకురాలిగా గుర్తించి, పునీత పట్టం దిశగా పరిశీలిస్తోంది. వితంతువు అంటే ఇంటి మూల అనే రోజుల్లో బడి గంట కొట్టిన ఈ స్త్రీ పేరు మన విద్యా చరిత్రల్లో అరుదుగా కనిపించడం విచిత్రమే.

దోర్నకల్‌లో పద్ధతి కాస్త వేరు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, పల్లెకు పంపే ఉపాధ్యాయుడితో పాటు అతని భార్యకూ శిక్షణ ఉండాలన్నారు. భర్త మగవారికి చెబితే భార్య ఆడవారికి చెప్పాలి. కొత్తగా బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ తల మీద చేయి పెట్టుకుని, ‘సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ’ అన్న పౌలు మాటను పలకాలన్నది ఆయన పెట్టిన ఆచారం. చదువురాని కూలి స్త్రీ కూడా అదే మాట పలికింది. ‘చెప్పడం నీ బాధ్యత’ అని సంఘం ఆమెతో మొదటి రోజే చెప్పించింది. ఆ తర్వాత అదే సంఘం ప్రసంగ వేదికను ఆమెకు ఎన్నేళ్లు దూరంగా ఉంచిందో ముందు ముందు వస్తుంది.

సాక్ష్యం చేసే పని

ఇప్పటికి వస్తే, బైబిలు స్త్రీ ఉద్యోగం చాలా చోట్ల మసకబారింది. ఆమె చేసిన పని మాత్రం శుక్రవారం ఉపవాస ప్రార్థనల్లో, స్త్రీల మైత్రి కూడికల్లో, ఇంటి ప్రార్థనల్లో కొనసాగుతోంది. ఈ కూడికలకు ఒక తీరు ఉంది. రెండు మూడు పాటలు, ప్రార్థన మనవులు, సాక్ష్యాలు, వాక్యం, మళ్లీ ప్రార్థన. బయటివారికి ఇందులో భావోద్వేగం మాత్రమే కనిపిస్తుంది. లోపల జరిగేది కాస్త నిదానంగా చూడాలి.

సాక్ష్యం చెప్పడమంటే ఒక స్త్రీ లేచి నిలబడి, తన జీవితం గురించి తన మాటల్లో, నలుగురి ముందు మాట్లాడటం. మన సమాజంలో ఒక పేద స్త్రీకి అలాంటి అవకాశం ఇంకెక్కడ ఉంది? పంచాయతీలో ఆమె తరఫున మగవాడు మాట్లాడతాడు. ఆసుపత్రిలో డాక్టరు సగం విని చీటీ రాస్తాడు. పుట్టింట్లో చెబితే సర్దుకుపొమ్మంటారు. ఇక్కడ మాత్రం పావుగంట ఆమెది. మధ్యలో ఎవరూ అడ్డురారు. ‘స్తోత్రం’ అంటూ ఊతం ఇస్తారు. జరిగిన దాన్ని ఒక వరసలో పెట్టి, అది ఎటు నుంచి ఎటు నడిచిందో తేల్చి చెప్పడం ఆమె అక్కడే నేర్చుకుంటుంది. ‘నాకు ఇలా జరిగింది’ అనే మనిషి ‘దేవుడు నన్ను ఇందులో నుంచి ఇలా నడిపించాడు’ అనే మనిషిగా మారుతుంది. మొదటి వాక్యంలో ఆమె బాధితురాలు, రెండో దానిలో ఒక ప్రయాణం చేసిన మనిషి. వారం వారం ఇది విన్నవారికి కూడా తమ కథను అలా చెప్పుకోవడం అలవాటవుతుంది.

ఆ కూడికల్లో తిరిగి తిరిగి వినిపించే బైబిలు పాత్రలు కూడా ఊరికే ఎంచుకున్నవి కావు. పిల్లలు లేరని ఎత్తిపొడుపులు పడి, గుడిలో పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థిస్తే తాగి ఉందని యాజకుడే నిందించిన హన్నా. యజమానురాలు బాధలు పెడితే పారిపోయి, అడవిలో దేవునికే ‘చూచుచున్న దేవుడవు’ అని పేరు పెట్టిన దాసి హాగరు. పన్నెండేళ్ల రక్తస్రావంతో, వైద్యులకు ఉన్నదంతా పోసి, జనంలోకి చొరబడి వస్త్రపు చెంగు ముట్టుకున్న స్త్రీ. అయిదుగురు భర్తల గతం ఉన్నా ఊరంతటికీ కబురు చెప్పిన సమరయ స్త్రీ. గొడ్రాలితనం, వెట్టి, ఆడవారి జబ్బులు, ఊరి నోళ్లు: తెలుగు పల్లె స్త్రీకి వీటిలో ఏదీ పరాయిది కాదు. పాస్టరు గుణవతియైన భార్య గురించి సామెతల గ్రంథం ముప్పై ఒకటో అధ్యాయం చెబుతుంటే ఆమె తలూపుతుంది. సాక్ష్యానికి లేచినప్పుడు చెప్పుకునేది మాత్రం హన్నా గురించే.

ఇంట్లో మార్పు సంగతి. భర్త మారడం ఈ సాక్ష్యాల్లో పెద్ద భాగం: తాగుడు మానడం, కూలి డబ్బు ఇంటికి తేవడం. దీన్ని తెలుగు పల్లెల ప్రత్యేకత అనుకోనక్కర్లేదు. కొలంబియాలో సువార్తిక కుటుంబాలను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త ఎలిజబెత్ బ్రూస్కో 1990లలో ఇలాంటి సంగతే రాశారు. మతం మారిన మగవాడు తాగుడు, జూదం, పరాయి సంబంధాలపై పెట్టే ఖర్చు ఆపేస్తే ఆ డబ్బు పిల్లల తిండికీ చదువుకీ మళ్లుతుందని, పైకి పురుషాధిక్యాన్ని బోధించే మతమే ఇంటిలోపల స్త్రీకి అనుకూలంగా పనిచేస్తుందని ఆమె వాదన. మన దగ్గర కూడా చాలా ఇళ్లలో ఇది నిజం. భార్య సంఘంలో చేరిన పదేళ్లకు భర్త వెనక వరసలో కూర్చోవడం మామూలుగా చూసేదే.

భర్త మారని ఇళ్ల మాటేమిటి? ఇక్కడే సంఘం చేతులెత్తేస్తుంది. ‘ప్రార్థించు, ఓర్చుకో, నీ ప్రవర్తన చూసి అతడు మారతాడు’ అన్న సలహా కొట్టే భర్త ఉన్న ఇంట్లో ప్రాణం మీదికి తెస్తుంది. చట్టం కూడా చాలా కాలం ఈ సలహాకే కాపు కాసింది. 1869 నాటి భారత విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్త భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసి వెళ్లడమో కూడా రుజువు చేయాలి. ఈ వివక్ష 2001 సవరణతో గానీ పోలేదు. నూట ముప్పై ఏళ్లకు పైగా క్రైస్తవ స్త్రీ ఓర్పులో కొంత భాగం ఆమె ఆత్మఫలం కాదు, ఆమెకు వేరే దారి లేకపోవడం. ఈ రెంటినీ కలిపి పొగిడే ప్రసంగాల విషయంలో జాగ్రత్త అవసరం.

బియ్యం, లేసు

అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, ఆదివారం దాన్ని మందిరానికి తీసుకెళ్లడం తెలుగు సంఘాల్లో పాత ఆచారం. చేతిలో రూపాయి లేని స్త్రీ కూడా ఇవ్వగలిగిన కానుక ఇది. పైగా భర్తను అడగనక్కర్లేదు, వంటింటి కొలత ఆమె చేతిలోదే. ఇదే ఆచారాన్ని మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టి ఒక వ్యవస్థగా మలిచారు. బుహ్‌ఫాయ్ థామ్ అనే ఆ పిడికిళ్ల బియ్యం నుంచి ఇప్పుడు ఏటా కోట్ల రూపాయలు పోగై, మిషన్ పనికి వెళ్తున్నాయి. తెలుగు సంఘాల్లో అది ఆ స్థాయికి ఎందుకు చేరలేదన్నది ఆలోచించాల్సిన ప్రశ్న. కూడబెట్టే పని స్త్రీలదై, లెక్క చూసే పని కమిటీలోని మగవారిదైతే ఏ పథకమైనా ఒక దగ్గర ఆగిపోతుంది.

నర్సాపురం లేసు కథ ఇంకా చేదు. పందొమ్మిదో శతాబ్దిలో గోదావరి డెల్టాలో మిషనరీ స్త్రీలు కొత్తగా క్రైస్తవులైన పేద స్త్రీలకు, ముఖ్యంగా కరువు రోజుల్లో, నూలుదారంతో లేసు అల్లిక నేర్పారు. ఉద్దేశం మంచిదే. పొలంలో కూలి దొరకనప్పుడు ఇంట్లో కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించుకోవాలి. కాలక్రమంలో ఆ పని వ్యాపారుల చేతికి వెళ్లింది, క్రైస్తవ గడపలు దాటి ఇతర కులాల ఇళ్లకూ పాకింది. 1970ల చివర్లో అక్కడ పరిశోధన చేసిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్, ప్రపంచ మార్కెట్‌కు సరుకు అల్లుతున్న ఈ స్త్రీలను కార్మికులుగా కాక ‘ఖాళీ సమయంలో అల్లుకునే గృహిణులు’గా చూపడం వల్లే వారికి అతి తక్కువ కూలి దక్కుతోందని రాశారు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకుకు గుర్తింపు రావడం బాగానే ఉంది. మిషన్ బంగళాలో పుట్టిన ‘మంచి గృహిణి’ నమూనా వ్యాపారికి ఎంత లాభసాటి అయిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ప్రసంగ వేదిక, ధ్రువీకరణ పత్రం

దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1947లో ఏర్పడింది. స్త్రీలకు గురువుగా, అంటే పాస్టరుగా, అభిషేకం ఇవ్వడం 1976లో మొదలైంది. ఆ సంఘంలో తొలి స్త్రీ బిషప్ తెలుగు నేల నుంచే వచ్చారు: ఎగ్గోని పుష్పలలిత, నంద్యాల అధ్యక్ష మండలం, 2013 సెప్టెంబరు. సంఘం పుట్టిన అరవై ఆరేళ్లకు. ఆ అభిషేకం జరిగినప్పుడు దేశమంతా వార్త అయింది. ఆ తర్వాత స్త్రీ గురువులు ఉన్న పాస్టరేట్ల సంఖ్య మాత్రం ఆ వార్త స్థాయిలో పెరగలేదు. స్వతంత్ర సంఘాలు, పెంతెకొస్తు సంఘాలు సిద్ధాంతంలో ఇంకా కఠినంగా ఉంటాయి; ‘స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలి’ అన్న వచనం అక్కడ గట్టిగా చదువుతారు. తమాషా ఏమిటంటే ఆచరణలో పాస్టరమ్మ లేకుండా ఆ సంఘాలు ఒక్క వారం కూడా నడవవు. ఇళ్లు తిరిగేది, జబ్బుపడిన వారి కోసం ప్రార్థించేది, స్త్రీల కూడికలో వాక్యం చెప్పేది ఆమె. పేరు అయ్యగారిది. సిద్ధాంతం తలుపు వేసినా వ్యవహారం కిటికీ తెరిచే ఉంచింది. దీన్ని చూసి మురిసిపోవడం కన్నా తలుపు ఎందుకు వేశారని అడగడం న్యాయం.

ఆ తలుపు దగ్గర ఆగకుండా వేరే ఇల్లు కట్టిన స్త్రీ బి.వి. సుబ్బమ్మ. గుంటూరు జిల్లాలో హిందూ కుటుంబంలో పుట్టి క్రైస్తవురాలైన ఆమె ఆంధ్ర లూథరన్ సంఘంలో పనిచేశారు. రాజమండ్రిలో బైబిలు స్త్రీలకు శిక్షణనిచ్చే షార్లెట్ స్వెన్సన్ పాఠశాలకు ప్రధానాచార్యురాలిగా ఉన్నారు. స్త్రీల కోసం క్రైస్తవ ఆశ్రమాలు పెట్టారు. నేల మీద కూర్చుని ఆరాధన, తెలుగు కీర్తన, కథాకాలక్షేపం. కుటుంబాన్ని, బంధువులను తెంచుకోకుండానే విశ్వాసంలో ఉండే దారి. క్రైస్తవంలోకి రావడమంటే మరో కులంలోకి మారడం కాకూడదని 1970లో ఆమె ఒక గ్రంథంలో వాదించారు. ఈ వాదంలో ఒక ముల్లు ఉంది. అగ్రకులాల వారు తమ కులంతోనే రావచ్చంటే, సంఘం అనగానే దళితవాడ గుర్తొచ్చే సమాజంలో ఆ వాడలోని అక్కచెల్లెళ్లతో కలిసి ప్రభు భోజనంలో ఒకే గిన్నెలో పాలుపొందేదెప్పుడు? ఆమె ఆలోచనతో ఏకీభవించినా లేకున్నా, ఒక తెలుగు స్త్రీ సువార్త పద్ధతి గురించి సొంత సిద్ధాంతం ప్రతిపాదించి దాని మీద సంస్థలు నడిపిందన్నది గుర్తుంచుకోవాలి. స్త్రీల విశ్వాసం అనగానే కన్నీళ్ల సాక్ష్యాలు మాత్రమే తలుచుకునే వారికి ఈ ఉదాహరణ అవసరం.

కులం ముల్లు చట్టంలో కూడా ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు; సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. తెలుగు రాష్ట్రాల్లో మతం మారిన దళితులు బీసీ-సీ కిందికి వస్తారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 1.34 శాతం మాత్రమే కావడానికి ఇదొక ముఖ్య కారణమని చాలామంది అంటారు. కాగితాల్లో ఒక మతం, ఆదివారం ఇంకోటి. ఈ రెండు బతుకుల బరువు ఎక్కువగా మోసేది స్త్రీలు, ఎందుకంటే మందిరానికి పైకి కనిపించేలా వెళ్లేది వారే. పిల్లల స్కాలర్‌షిప్పు పోకూడదు, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ పోకూడదు, సాక్ష్యమూ మానకూడదు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఈ అంశాన్ని పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కమిషన్ వేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక క్రైస్తవ మహిళ ఎస్సీ ధ్రువీకరణ పత్రం అడిగిన కేసులో, ఉద్యోగం కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని వంచించడమేనని తీర్పునిచ్చింది. విశ్వాసం ధైర్యాన్నిస్తుందన్న మాట నిజమే కావచ్చు. ఆ ధైర్యాన్ని బాహాటంగా చూపిస్తే ఏం పోగొట్టుకోవాలో రాజ్యం ముందే లెక్కగట్టి పెట్టింది.

బైబిలు స్త్రీ మొదలుపెట్టిన పని ఇప్పుడు సముద్రం దాటింది. కడప, ఉభయ గోదావరి జిల్లాల నుంచి దశాబ్దాలుగా వేలమంది స్త్రీలు కువైట్‌లో ఇంటి పనికి వెళ్తున్నారు. కువైట్ సిటీలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో అనేక భాషల సంఘాలు కూడతాయి, వాటిలో తెలుగువీ ఉన్నాయి. అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన శుక్రవారమే. ఇంటి పనివారికి వారానికి ఒక రోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని అని 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతోంది. చట్టం చెప్పినంత మాత్రాన యజమానురాలి ఇంటి తలుపు తెరుచుకోదు. ఒంటరిగా ఉన్న పనిమనిషి ‘నాకు విశ్రాంతి కావాలి’ అని అడగడం కష్టం. ‘నేను ప్రార్థనకు వెళ్లాలి’ అని అడగడం కాస్త తేలిక, ఎందుకంటే ప్రార్థన అంటే ఏమిటో ఆ ఇంటివారికీ తెలుసు. అలా బయటికి వచ్చిన వారికి ఆ ఆవరణలో వాక్యంతో పాటు ఏ ఏజెంటు మోసగాడో, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలో, రాయబార కార్యాలయానికి ఎలా వెళ్లాలో కూడా తెలుస్తుంది. బయటికి రానివ్వని ఇళ్లలోని వారు రాత్రి పని ముగిశాక ఫోనులో ప్రార్థనలో కలుస్తారు. ఆ ప్రార్థన నడిపేది కూడా తరచుగా మరో ఇంట్లో పనిచేసే స్త్రీయే. ఏ సంఘమూ ఆమెకు అభిషేకం ఇవ్వలేదు, జీతమూ ఇవ్వలేదు, లెక్క అడగడానికి దొరసాని కూడా లేదు.